ఇసక తిన్న ఇంజన్

జెట్ బోటు ఇంజన్ పోయిందని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను రాజపాళయంలో మా మామిడి తోటకు మందు కొట్టిస్తా ఉన్నాను.

"అక్కా, బిగుసుకు పోయింది. తిరగడం లేదు" అన్నాడు.

"ఎట్లా?"

"ఇంజన్ అంటే పోదా? దానికి కూడా కారణం చెప్పాలా?" అని కోపపడినాడు.

చోళపురం పక్కనున్న పొలం అమ్మినప్పుడు నాకొచ్చిన వంతు, వాడికొచ్చిన వంతు కలిపి ఆ బోటు కొన్నాము. మా ఊరికి కొన్ని గంటల దూరంలో, ఏరు సముద్రంలో కలిసేచోట టూరిస్టులను ఎక్కించుకొని తిప్పేవాళ్లము. జనంతో మాట్లాడేది వాడు, ఇంజన్ చూసేది నేను. పెండ్లి కాకముందు నుంచీ స్పిన్నింగ్ మిల్లు మెయింటెనెన్సులో పని చేసినదాన్ని. వారం వారం పోయి ఆయిల్ చూసి, ఫిల్టర్లు కడిగి వచ్చేదాన్ని.

జెట్ బోటు అడుగు నుంచి నీళ్లు పీల్చి వెనక్కి చిమ్మి పరుగెత్తుతుంది. ఆ నీళ్లే కొంచెం లోపలికి పోయి ఇంజన్‌ను చల్లబెడతాయి. లోతు లేనిచోట నీళ్లతో బాటు ఇసక కూడా ఎక్కుతుంది. "నీళ్లు తగ్గినప్పుడు ఇసక దిబ్బ పక్కకు పోవద్దురా" అని నోరు నొచ్చేదాకా చెప్పినాను. "సరి సరి" అనేవాడు.

ఇంజన్‌ను చిన్న వ్యానులో ఎక్కించి మా ఊరి లేతు పట్టరకు, అంటే రిపేరు షెడ్డుకు తెచ్చినారు. మెకానిక్ విప్పినాడు. నీళ్ల పైపు నిండా ఇసక. రెండు పిస్టన్లు కాలి అతుక్కొని ఉండినాయి.

"బ్లాకు బాగుంది. బోరు చేసి పిస్టన్లు మారిస్తే మళ్లీ నడుస్తుంది. కానీ టైము పడుతుంది" అన్నాడు మెకానిక్.

ఆ రోజే తమ్ముడి ఫ్రెండొకడు స్టేటస్‌లో పెట్టిన వీడియో చూసినాను. బోటు దిబ్బ పక్కనే సుడులు తిరుగుతా ఉంది. పాటకు పాటకు మధ్యలో ఇంజన్ వేడెక్కిందని చెప్పే బజర్ మోగడం బాగా వినబడింది. తమ్ముడు నవ్వుతా పాట సౌండు పెంచినాడు.

ఆదివారం అమ్మ ఇంట్లో అన్నానికి కూర్చున్నాము. మా మామ వచ్చినాడు. ఆయన అమ్మకు తమ్ముడు, మా తమ్ముడికి పిల్లనిచ్చిన మామ. మా ఇంట్లో ఆయన మాటే మాట.

"రిపేరు చేద్దాము. వచ్చే సీజనుకు రెడీ అవుతుంది" అన్నాను.

"ఒకసారి విప్పిన ఇంజన్ ఎప్పుడూ విప్పిన ఇంజనే" అన్నాడు తమ్ముడు. "జనాలను ఎక్కించుకొని నడిసముద్రంలో నిలిచిపోతే?"

"కొత్తది వేసినా ఇసకలో తిప్పితే అదీ పోతుంది. ఎట్లా పోయిందో ముందు మాట్లాడుదాము." ఫోన్ తీసి వీడియో పెట్టబోయినాను.

మామ చెయ్యి అడ్డం పెట్టినాడు. "వద్దమ్మా. అయిందేదో అయింది. ఇంట్లో వాళ్ల మీద పంచాయతీ పెట్టుకుంటారా? కొత్త ఇంజన్ నేను వేయిస్తాను. అల్లుడు ఒక్కడే చూసుకుంటాడు. నీకెందుకీ తిరుగుడు? నువ్వు తోట చూసుకో."

తమ్ముడు నేల చూస్తా కూర్చున్నాడు. వద్దు, అక్క ఉండాల అని ఒక్క మాట అంటాడేమోనని చూసినాను. అనలేదు. అమ్మ నా కంచంలో ఇంకొంచెం కూర వేసి, "సరేలే, మామ చెప్తే సరిగానే ఉంటుంది" అనింది.

వాళ్లు మాట్లాడింది ఇంజన్ గురించి కానే కాదు. వాళ్లకు ఇంజన్ మార్చడం సులభం, వాణ్ణి ఒక్క మాట అడగడం కష్టం. అందుకని ఇంజన్‌తో పాటు నన్నూ దించేసినారు. పాత ఇంజన్‌ను విప్పింది విప్పినట్టే పాత ఇనుముకు వేసినారు.

మరుసటి ఎండాకాలం సెలవుల్లో కొత్త ఇంజన్ పోయింది. ఈసారి ఫోన్ చేసింది మామ.

"ఏమ్మా, ఒకసారి వచ్చి చూస్తావా? రిపేరా, కొత్తదా అని నువ్వు చెప్తే..."

పోకూడదనుకొన్నాను. పోయినాను. పైపు విప్పితే అదే ఇసక. తమ్ముడు బోటు షెడ్డు బయట నిలబడి ఫోన్ చూసుకుంటా ఉండినాడు. నాకు సంతోషం కలుగుతుందేమో అనుకొన్నాను, కలగలేదు. "రిపేరు చెయ్యొచ్చు" అని మాత్రం చెప్పి వచ్చేసినాను. వాళ్లు చేయించలేదు. బోటును వచ్చిన రేటుకు ఎవరికో ఇచ్చేసినారు.

అమ్మకు ఈ సంగతి చెప్పడానికి పోతే, ఆమె అప్పటికే విని ఉండింది. పూలు కడుతా, నా వైపు చూడకుండా అనింది: "కొత్తదీ పోతుందని ఆ రోజు నువ్వే అంటివి. నీ నాలిక మీద మచ్చ ఉందే, అన్నది జరిగిపోతుందే. వాడి పొట్ట మీద అట్లా నోరు పెట్టొచ్చునా?"

చెప్పులేసుకొని వచ్చేసినాను.

ఇప్పుడు ఎవరి పెండ్లిలోనైనా ఎదురుపడితే, "తిన్నావా అక్కా" అంటాడు తమ్ముడు. "తిన్నాను" అంటాను. తినకపోయినా అదే చెప్తాను.