ఆర్సెనిక్ కాని ఆర్సెనిక్

మా మేడం ఇక లేరు. "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయిందక్కా" అని ఆదివారం పొద్దున వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. సికింద్రాబాద్‌లో మా ల్యాబుకి ఆవిడ సీనియర్ కెమిస్టు, నాకు పని నేర్పిన మనిషి. నీళ్ళలో, నెత్తురులో రవ్వంత లోహమున్నా పట్టేసే ప్లాస్మా మిషను ఆవిడ చేతికింద ఉండేది.

అది వేడెక్కేదాకా సన్నగా కీర్తన పాడుకునేవారు. మేం హడావుడి పడితే, "మంట కుదురుకోనివ్వండమ్మా" అనేవారు.

నేను చేరిన కొత్తలో రాంగోపాల్‌పేట్ నుంచి ఒకాయన వచ్చాడు. వాళ్ళ నాన్నకి ఎంతకీ తగ్గని వాంతులు, నీరసం. ఇంట్లో వంటామె విషం కలుపుతోందని అనుమానం. డాక్టరు రాసిన మూత్ర పరీక్షకి వస్తూ ఆమెనీ వెంటబెట్టుకొచ్చి, బయట మెట్ల మీద కూర్చోబెట్టాడు.

మిషను ఆర్సెనిక్, అంటే పాషాణం, ఎక్కువ చూపించింది. నా మొహం చూసే ఆయనకి అర్థమైంది.

"నేను చెప్పలే? జెల్దీ రిపోర్ట్ ఇయ్యండి మేడం, స్టేషన్‌కి పోవాలె."

"ఇది ఇంకా రిపోర్టు కాదు బాబూ" అన్నారు మేడం.

ఆ శాంపిల్‌లో ఉప్పు ఎక్కువగా ఉంది. మిషన్లో ప్లాస్మా మంటని పుట్టించేది ఆర్గాన్ వాయువు. ఉప్పులోని క్లోరిన్ దానితో జతకడితే, ఆ జంట బరువూ ఆర్సెనిక్ బరువూ ఒకటే. "మిషనుకి బరువు తెలుసు, మొహం తెలీదు" అన్నారు.

"ఆమెను బచాయిస్తున్నరా?" అన్నాడాయన.

మేడం కోప్పడలేదు. జామకాయలోకి తెచ్చుకున్న ఉప్పు చిటికెడు శుభ్రమైన నీళ్ళలో కలిపి మిషనుకిచ్చారు. తెర మీద మళ్ళీ ఆర్సెనిక్!

"ఇది నేను రోజూ తినే ఉప్పు బాబూ."

తర్వాత మిషన్లోకి హీలియం వదిలారు. అది ఆ దొంగ జంటని ఆపి, అసలు ఆర్సెనిక్‌ని మాత్రం పోనిస్తుంది. ఉప్పునీళ్ళ అంకె పడిపోయింది. పెద్దాయన శాంపిల్‌లోనూ మామూలుగా అందరిలో ఉండేంతే మిగిలింది.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "మరి మా నాయనకు ఏమైనట్టు?"

"అది డాక్టర్లు వెతకాలి. ఇకనైనా సరైన చోట వెతుకుతారు."

పెద్దాయనకి కడుపులో పుండని తర్వాత తేలింది. మందులతో కోలుకున్నాడట. వంటామె మాత్రం మళ్ళీ ఆ గడప తొక్కలేదు, లాలాగూడలో టిఫిన్ బండి పెట్టుకుంది.

ఆ రోజు ఫలితం వంటామెకి చెప్పడానికి మేడం నన్ను పంపలేదు. తనే మెట్ల దగ్గరికి వెళ్ళారు.

"నీ వంటలో ఏమీ లేదమ్మా."

"గా మాట ఆయన ముంగట చెప్పుండ్రి" అందామె.

మేడం ఆయన్ని పిలిచి, ఆమె ఎదుటే మళ్ళీ చెప్పారు. "తప్పయింది అక్కా" అని ఆయన తల దించుకున్నాడు. అప్పటిదాకా బిగబట్టుకున్న ఆమె భోరుమంది.

లోపల శాంపిల్స్ ఎదురుచూస్తున్నాయి. పిలుద్దామని తలుపు దాకా వెళ్ళి ఆగిపోయాను. మేడం ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నారు. ఆమె మేడం తెల్లకోటు అంచు పిడికిట్లో పట్టుకుని ఏడుస్తోంది. మేడం కోటు విడిపించుకోలేదు.