షఫీవుల్లా సారు గోడదెబ్బలు

“నెలాఖరుకు ఖాళీ చెయ్యి సాయిబూ. నీ దెబ్బలకు నా గోడ సున్నం రాలిపోతావుండాది. మా కోడలు దోసె తిప్పేది గూడా నీ తాళానికే.”

“సున్నం నేను కొట్టిస్తానమ్మా. పార్-ల-నో మాత్రం మెల్లగా కొడితే రాదు.”

తిరుపతిలో క్లాసుకని ఆ మేడ మెట్లెక్కుతూ సుకుమార్ విన్న తగువు ఇది. ఆమె ఇంటి యజమానురాలు నిర్మలమ్మ. ఆయన ఇటాలియన్ నేర్పే షఫీవుల్లా సారు. సారుకున్నది ఒకటే పిచ్చి. ప్రతి మాటనూ ముక్కలు చేసి, ముక్కకో దెబ్బ చొప్పున అప్పడాల కర్రతో గోడను బాదుతాడు. ఒత్తి పలకాల్సిన ముక్క దగ్గర పడే దెబ్బకు వీధి చివర కుక్కలు లేస్తాయి.

ఇటలీలో ఆవుల కొట్టాల్లో పదేళ్లు పనిచేసి వచ్చిన మనిషి. “మేం మాట్లాడతాం అంటే బరువు నడిముక్క మీద. పర్-ల్యా-మో. వాళ్లు మాట్లాడతారు అంటే మొదట్లోనే. పార్-ల-నో. ఆడ దెబ్బ తప్పితే ఆవు గూడా తిరిగి సూడదప్పా,” అనేవాడు. టీ అంగట్లోనూ అంతే. “రెం-డు టీ” అని బల్ల గుద్దితే పక్కవాళ్లు గ్లాసులు చేతిలోకి తీసుకునేవాళ్లు.

ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసిన సుకుమార్‌కు మిగిలినవి రెండే దారులు: సెల్‌ఫోన్ షాపు, లేదా పరదేశం. ఇటాలియన్ నోటి పరీక్ష రెండుసార్లు పోయింది. ఆరోజు ఆ కసి అంతా సారు మీదికి తిరిగింది. కర్ర లాక్కున్నాడు.

“బెంచీ ఉండగా గోడెందుకు సార్? మాకంటే గోడకే బాగా వచ్చినట్టుంది.”

సారు గోడ వైపు వేలు చూపించాడు. అవతలి నుంచి దెబ్బలు వినిపించాయి. ఒకటి గట్టిగా, రెండు మెల్లగా. పార్-ల-నో. తప్పు లేదు.

“కోమలి,” అన్నాడు సారు గొంతు తగ్గించి. “నిర్మలమ్మ కోడలు. నర్సు చదివినాది, ఇటలీకి పనికి పోవాలని ఆశ. క్లాసుకు పంపరు. వంటగది ఆ పక్కే. పుస్తకం ఇచ్చినాను. మాటలు అందులో ఉండాయి, బరువు యాడ పడేదీ ఉండదు. నా గొంతు గోడ దాటదు, దెబ్బ దాటుతాది.”

నిర్మలమ్మ మాట మార్చుకోలేదు. నెలాఖరున సారు సామాను ఆటో ఎక్కింది. కోమలి నోటి పరీక్షకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. సారు కర్రను సుకుమార్ చేతికిచ్చాడు.

“ఆ గదిలో నువ్వు చేరప్పా. నిన్ను వెళ్లగొట్టడానికి నిర్మలమ్మకు నెలన్నా పడుతుంది. నీకు ఇటాలియన్ రాకున్నా పర్వాలేదు, నేను కొట్టినట్టే రోజూ ఒక గంట గట్టిగా కొట్టు.”