వంశవృక్షంలో భీమిలి ఆవిడ

మాది భీమిలి అంటే హైదరాబాదులోనే సగం మందికి వివరించి చెప్పాలి. వైజాగ్ పక్కన, సముద్రం ఒడ్డున, అని. అలాంటిది ఐర్లండులో, నేస్ అనే ఊళ్ళో, మా ఇంటి గుమ్మం ముందు నిలబడి డెబ్భై దాటిన తెల్లావిడ "మీది బిమ్లిపటమా?" అని అడిగితే ఏమనుకోవాలి? చెత్త డబ్బా రోడ్డు మీదకి లాగుతున్నదాన్ని అక్కడే ఆగిపోయాను.

ఆవిడ మా పక్కింటావిడ. పుట్టింది దక్షిణాఫ్రికాలో, డచ్చివాళ్ళ సంతతి. కూతురు ఐరిష్ అబ్బాయిని చేసుకుంటే తనూ వెనకాలే వచ్చి ఇక్కడే ఉండిపోయింది. మా పాపకి మధ్యాహ్నానికే స్కూలు అయిపోతుంది. నేనూ మా ఆయనా డబ్లిన్ ఆఫీసుల నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. పిల్లల్ని చూసుకునే చోట ఎక్కడ అడిగినా వచ్చే ఏడాది రమ్మనేవారే. మేం ఇద్దరం జుట్టు పీక్కుంటుంటే "నేను తీసుకొస్తాలే" అన్నది ఆవిడే. అప్పట్నుంచీ పాప ఆవిడ చెయ్యి పట్టుకునే ఇంటికొస్తోంది. అందుకే ఆవిడంటే నాకు ఎంత ఇష్టమో అంత భయం. ఆవిడకి కోపం వస్తే నా ఉద్యోగం గోవిందా.

అమ్మమ్మ వాళ్ళ ఊరి పేరు పాపే చెప్పిందట. అది విని ఆవిడ పరుగున వచ్చింది. ఎందుకంటే ఆవిడకో పిచ్చి ఉంది, వంశవృక్షం గీయడం. హాలండ్ నుంచి ఓడెక్కి ఆఫ్రికా కొసన దిగిన మొదటి మనిషి దగ్గర మొదలుపెట్టి తన మనవల దాకా అందర్నీ పోగు చేసింది. వాళ్ళలో ఏడెనిమిది తరాల కిందటి ఒక ముత్తవ్వ దగ్గర మాత్రం దారి మూసుకుపోయింది. ఆమెకి తల్లిదండ్రులు ఎవరో ఎక్కడా లేదు. ఒక క్రైస్తవ పేరు, ఆ వెనక మా ఊరి పేరు, అంతే. పక్కింటావిడ లెక్కలో ఆమె భీమిలిలో డచ్చి దొర ఎవరికో పుట్టిన కూతురు.

ఆ సాయంత్రం మా వంటింట్లో కాఫీలో రస్కు ముంచుకుంటూ ఆవిడ ఇదంతా చెబుతుంటే మా ఆయన నవ్వాడు. ఆయనది కరీంనగర్. "ఇండ్ల తెల్వందేముంది? మనకాడ లెక్కనే. ఊరిడిసి పోయినోళ్ళకు ఆ ఊరే ఇంటిపేరైతది. ఆమె భీమిలి నుంచి పోయింది, గందుకే భీమిలామె అయింది" అని నాతో అని, అదే ఇంగ్లీషులో ఆవిడకి చెప్పాడు. నాకూ అది చక్కగా అతికినట్టే తోచింది. మా ఆఫీసులో తెలుగువాళ్ళని అడగండి, సగం మంది ఇంటిపేర్లు ఊళ్ళే. ఎక్కడి ఊరో వాళ్ళకే తెలియదు. ఇంటిపేరు ఉందంటే ఒక ఇల్లు ఉందని, ఆ ఇంట్లో అన్నదమ్ములు, మేనత్తలు ఉన్నారని మేం ఇద్దరం చంకలు గుద్దుకున్నాం. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అంటే మంచి కుటుంబమే" అంది.

మా అమ్మకి ఫోనులో చెప్తే ముందు భయపడింది. "ఏటే, డచ్చోళ్ళకీ మనకీ సుట్టరికమేటే? రేపొద్దున్న ఇంట్లో వాటా అడుగుతారేటి?" అంది. తర్వాత తనే పనిగట్టుకుని వెళ్ళి పాత డచ్చి సమాధుల మధ్య తిరిగి, ఆ అక్షరాలు ఒక్కటీ అర్థం కాలేదని చెప్పింది. మేం చిన్నప్పుడు ఆ సమాధుల మీదెక్కి ఉప్పు మామిడికాయ ముక్కలు తినేవాళ్ళం. వాటి కింద ఎవరున్నారని ఒక్కరోజూ అడగలేదు.

ఇక్కడ నేస్ లైబ్రరీలో నెలకోసారి ఇలా పూర్వీకుల్ని వెతుక్కునేవాళ్ళు కూడతారు. వాళ్ళలో రిటైరైన డచ్చాయన ఒకాయన ఉన్నాడు, పాత దస్తావేజులు చదివి చెప్తాడు. పక్కింటావిడ నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళింది. ఇంటిపేర్ల సంగతి ఆవిడే గర్వంగా వివరించింది. ఆయన అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"ఇది ఇంటిపేరు కాదండీ. కొనుక్కొచ్చిన మనుషులకి ఇలా పెట్టేవారు. బానిసలకి. ముందు కొన్నవాళ్ళు తగిలించిన పేరు, వెనక ఓడెక్కించిన ఊరు. ఆమె ఆ ఊళ్ళో పుట్టిందని కూడా చెప్పలేం. కరువొచ్చినప్పుడు లోపలి పల్లెల నుంచి పిల్లల్ని తెచ్చి తీరంలో అమ్మేవారు. తర్వాతెప్పుడో ఆమెను విడిచిపెట్టారు, డచ్చివాడొకడు పెళ్ళి చేసుకున్నాడు. మీరంతా వాళ్ళ పిల్లల పిల్లలు."

బస్తా మీద ఊరి పేరు వేస్తారే, అలా అన్నమాట. మేం దాన్ని పట్టుకుని ఇల్లు, అన్నదమ్ములు, మేనత్తలు అంటూ కూర్చున్నాం. ఆమె అసలు పేరు ఏమై ఉంటుంది? అమ్మ ఏమని పిలిచేది? మా ఊరి రేవులో, మా వాళ్ళు చూస్తుండగానే ఎక్కించి ఉంటారు కదా. అమ్మినవాళ్ళూ మావాళ్ళే అయి ఉంటారు కదా.

పక్కింటావిడ కారు మా ఇళ్ళ ముందు ఆపి, తాళం తియ్యకుండా అలాగే కూర్చుంది.

"ఆయన చెప్పింది ఎవరికీ అక్కర్లేదు" అంది. "మీ ఆయన చెప్పిందే బాగుంది. మా అన్నయ్య ఆగస్టులో వస్తున్నాడు. పెద్దవాడు, ఇంక మళ్ళీ రాలేడు. ఆయనకి చూపించాలనే ఇదంతా చేశాను. అందరి ముందూ నువ్వు లేచి ఆ ఇంటిపేర్ల కథ చెప్పు. నీది ఆ ఊరే కనక నమ్ముతారు."

"కానీ అది నిజం కాదు కదండీ."

"నీకు తెలీదు" అంది. "నా చిన్నప్పుడు మా దేశంలో మనిషిని చూసి తెల్లా, నల్లా, కలగలుపా అని కాగితాల్లో రంగు రాసేవారు. దాన్నిబట్టే బడి, దాన్నిబట్టే బస్సు, దాన్నిబట్టే శ్మశానం. మా క్లాసులో నా పక్కన కూర్చునే పిల్ల ఒక రోజు రాలేదు. వాళ్ళ ఇంట్లో ఎవరిదో రంగు మార్చి రాశారట. మర్నాడు ఆ కుర్చీ తీసేశారు. మా అమ్మ ఆ రాత్రంతా మా జుట్టు దువ్వుతూ కూర్చుంది, వంకీలు కనపడితే మా రంగూ మార్చి రాస్తారని. ఇప్పుడర్థమైందా?"

అర్థమైంది. జాలి కూడా వేసింది. కానీ దానితోపాటు ఒళ్ళు మండింది. బతికున్నన్నాళ్ళూ నోరు లేకుండా చేసినవాళ్ళు, చచ్చాక ఆమెకి మంచింటి పిల్ల వేషం కట్టి నిలబెడతారట, దానికి సాక్షి సంతకం నాది. "నేను చెప్పలేనండీ" అన్నాను.

ఆవిడ తల ఊపింది. "ఇట్స్ గ్రాండ్" అంది. ఈ దేశంలో ఆ మాటకి బాగుందనీ అర్థమే, ఇంక చాలించు అనీ అర్థమే.

మర్నాడు ఆఫీసులో నాకు పని సాగలేదు. స్కూలు వదిలే వేళకి ఫోను చేత్తో పట్టుకుని మెట్ల దగ్గర తచ్చాడాను. పాపని ఎవరూ తీసుకెళ్ళలేదని టీచరు ఫోను చేస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఆవిడ ఎప్పటిలాగే వెళ్ళి తీసుకొచ్చింది. పాలు తాగించింది, చేతులు కడిగించింది. నాతో మాత్రం గుమ్మం దాటి లోపలికొచ్చి మాట్లాడటం మానేసింది. వేసవంతా అలాగే గడిచింది. ఆవిడ మంచితనం నాకు పుండు మీద కారంలా ఉండేది.

ఆగస్టులో అన్నగారొచ్చారు. టీకి మమ్మల్నీ పిలిచింది. ముందుగదిలో గోడంతా పరుచుకుని వంశవృక్షం, అద్దం కట్టించింది. నేను నేరుగా వెళ్ళి పై వరసల్లో వెతికాను. ఆ డచ్చివాడి పేరుంది. అతని కింద కొడుకు పేరుంది. పక్కన భార్య ఉండాల్సిన చోట ఏమీ లేదు. గీత కూడా లేదు, ఆ పిల్లాడు తండ్రికి ఒక్కడికే పుట్టినట్టు.

నేను అబద్ధం చెప్పి ఉంటే ఆమెకి మా ఊరి పేరైనా మిగిలేది. నిజం పట్టుకుని వేళ్ళాడి ఆ కాస్తా పోగొట్టాను. ఏడుపొచ్చింది, మింగేశాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని "పోదాం పా" అన్నాడు మెల్లగా.

అప్పుడే ఆవిడ నన్ను అన్నగారికి పరిచయం చేసింది. "మా పక్కింటమ్మాయి, ఇండియా" అంది. అంతకుముందు పోస్టుమాన్ దగ్గర్నుంచీ కనపడ్డ ప్రతివాళ్ళకీ నన్ను మా ఊరి పేరుతోనే చూపించేది.

ఆయన పాపం మర్యాదస్తుడు. లేవబోయి, మళ్ళీ కూర్చుని "ఇండియాలో ఎక్కడమ్మా?" అన్నాడు.

"భీమిలి. బిమ్లిపటం అంటారు మీవాళ్ళు."

"ఎప్పుడూ వినలేదే. ఢిల్లీకి దగ్గరా?"

"దూరమండీ" అన్నాను. అంతటితో ఊరుకుందామనే అనుకున్నాను, కానీ నా నోరు ఊరుకోదు. "మీ ముత్తవ్వల్లో ఒకామెని అక్కడే ఓడెక్కించారు. కొనుక్కొచ్చారు ఆమెని."

పక్కింటావిడ చేతిలో టీ పాట్ అలాగే ఉండిపోయింది. నా వైపు చూడలేదు. సెలవులయ్యాక స్కూలు గేటు దగ్గర ఎవరుంటారో నాకు తెలియదు.

ఆయనకి కోపం రాలేదు. "నిజంగానా? ఏదీ, ఎక్కడుంది?" అంటూ కుర్చీ చేతులు ఊతంగా లేచి, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు. తన పేరు మీద వేలు పెట్టి, తండ్రి, తాత అంటూ ఒక్కొక్క పేరూ పైకి చదువుకుంటూ వెళ్ళాడు. చివరికి మడమలెత్తి నిలబడాల్సి వచ్చింది. వేలు ఆగింది. వెనక్కి తిరిగి చెల్లెలితో అన్నాడు:

"ఈ పిల్లాడికి అమ్మ లేదేమిటి?"