మజ్జిగలో చిటికెడు ఇంగువ

కోయంబత్తూరు దగ్గర అవినాశిలో, మా బనియన్లు కుట్టే యూనిట్ మెట్లెక్కుతూ సగంలో కూలబడిన రోజున నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. లేద్దామంటే కాళ్లు రాలేదు. అప్పటికే కొన్ని నెలలుగా విరేచనాలు, నోటిపూత, కడుపుబ్బరం. జాకెట్లన్నీ వదులైపోయాయి. సన్నబడ్డావని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. నేనూ కాదనలేదు.

మొదటి డాక్టర్ గ్యాస్ అన్నారు. రెండో ఆయన అల్సర్ అన్నారు. హిమోగ్లోబిన్ తక్కువని ఐరన్ మాత్రలిచ్చారు, ఎన్ని మింగినా రక్తం పెరగలేదు. చివరికి కోయంబత్తూరులో ఒక గ్యాస్ట్రో డాక్టరమ్మ బ్లడ్ టెస్ట్, ఎండోస్కోపీ, బయాప్సీ చేయించారు.

"సీలియాక్ డిసీజ్. గోధుమలో ఉండే గ్లూటెన్ మీ పేగుకి పడదు. గోధుమ, మైదా, రవ్వ ఇక జన్మలో వద్దు. మందంటూ వేరే లేదు, ఇదే మందు" అన్నారు.

పరోటా, చపాతీ, ఉప్మా మానేశాను. కోలుకున్నాను కూడా. అంతలో ఒకసారి కడుపు చెడింది. మా ఇళ్లల్లో కడుపు బాగాలేదంటే మజ్జిగలో ఇంగువ కలిపి ఇస్తారు. మా అత్త పొద్దునా సాయంత్రం ఇచ్చింది. తగ్గకపోతే, నేను అడిగితే ఇంకో చిటికెడు వేసింది. తగ్గలేదు సరికదా, పాత బాధలన్నీ తిరిగొచ్చాయి.

డాక్టరమ్మ మళ్లీ బ్లడ్ టెస్ట్ చేయించారు. యాంటీబాడీల నంబర్ పెరిగిన రిపోర్ట్ చూసి, "ఎక్కడో గ్లూటెన్ లోపలికి పోతోంది. నిజంగా పోకపోతే, గ్లూటెన్ మానేసినా తగ్గని రిఫ్రాక్టరీ రకం అనుకోవాలి. అప్పుడు స్టెరాయిడ్స్ మొదలుపెట్టాల్సి వస్తుంది" అన్నారు. నాకు భయం వేసింది. ఇంట్లో చపాతీలు వత్తిన చేత్తో అత్త నా కంచం ముట్టుకుంటే చిరాకు పడేదాన్ని.

మా ఆయన అక్క తిరుమంగళంలో ఉంటుంది. సంగతి విని ఫోన్ చేసింది. "ఈడికి వచ్చేయ్ కన్నా. నేను చేసిపెట్టేదే తిను. కడుపు ఏమి చెప్తాదో చూస్తాము."

బయల్దేరేటప్పుడు అత్త నా సంచిలో ఇంగువ డబ్బా పెట్టింది. "దినమూ మజ్జిగలో కలుపుకో అమ్మాయీ, మరవద్దు" అంది.

మర్నాడు పొద్దున్నే వదిన ఓవెన్ వేడి చేసింది. రాగిపిండి, తాటిబెల్లం, గుడ్లు కలిపింది.

"మైదా లేకుంటే కేకు లేస్తాదా వదినె?" అన్నాను.

"లేవకుంటే పళ్లెంలోనే పడుకోనీ. మనము తినేదానికే గదా."

అది లేవలేదు. కానీ వెచ్చగా, కమ్మగా ఉంది. ఎన్నాళ్లకో అనుమానం లేకుండా ఒక ముక్క నమిలాను. తర్వాత కూరగాయలకని బస్సులో మాట్టుతావణి మార్కెట్‌కి తీసుకెళ్లింది. అక్కడ బండి మీద వేడివేడి పరుత్తిపాలు అమ్ముతారు. పత్తిగింజల పాలలో తాటిబెల్లం, శొంఠి వేసి కాస్తారు. గోధుమపిండి కలుపుతారా అని వదిన తమిళంలో అడిగింది. బియ్యప్పిండేనన్నాడు బండాయన. ఇద్దరం చెరో గ్లాసు తాగాం. కడుపు ఏమీ అనలేదు.

సాయంత్రం రాగి కారం బిస్కెట్లు చేద్దామని కూర్చున్నాం. పుట్టింటి ఇంగువని మురిసిపోతూ వదిన, అత్త పంపిన డబ్బాలోని ముద్దలోంచి కాస్త విరిచి వేడినీళ్లలో నానేసింది. కాసేపటికి గిన్నెలో వేలు పెట్టి కెలికి ఆగిపోయింది.

"ఇదేంది, అడుగున పిండి నిలిచిండాది. మైదా మాదిరి అంటుకుంటాది చూడు."

డబ్బా తిప్పి చూశాం. చిన్న అక్షరాల్లో గోధుమపిండి అని ఉంది. ముద్ద కట్టడానికి కలుపుతారట. బిస్కెట్ పొట్లం కూడా చదవకుండా కొనని నేను ఆ డబ్బాని ఒక్కసారీ తిప్పి చూడలేదు. అది నా లెక్కలో తిండి కాదు, మందు.

వదినే వాళ్లమ్మకి ఫోన్ చేసి చెప్పి, ఫోన్ నా చేతికిచ్చింది.

"నేను దినమూ ఇస్తా ఉండింది అదేనా అమ్మాయీ?" అంది అత్త.

"అదే అత్తా. నేనే గదా అడిగి అడిగి తాగినాను" అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

ఆ ఇంగువ మానేశాక మెల్లగా విరేచనాలు తగ్గాయి. తర్వాతి రిపోర్ట్‌లో యాంటీబాడీల నంబర్ దిగింది. స్టెరాయిడ్స్ అవసరం రాలేదు. "ఇంగువ సంగతి నేనూ అడగలేదు" అన్నారు డాక్టరమ్మ.

ఇప్పుడు యూనిట్ మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. వదిన కేకు ఇప్పటికీ లేవదు. నాలాంటివాళ్లకి చెప్పేది ఒకటే: డాక్టర్ ఏం తింటున్నారని అడిగితే, జబ్బు తగ్గడానికి ఇంట్లో తీసుకుంటున్నవి కూడా చెప్పండి, ఆ డబ్బాలు పట్టుకెళ్లి చూపించండి.

అత్త ఇప్పటికీ నాకు మజ్జిగ ఇస్తుంది. గ్లాసు చేతికిచ్చే ముందు, నేను అడగకుండానే "అల్లము, ఉప్పు, అంతే" అంటుంది. నేను తాగేదాకా అక్కడే నిలబడుతుంది.