కార్బురేటర్ మీద మా బావ చెయ్యి

మా తాతగారి కాలం నాటి పెట్రోల్ ట్రాక్టర్ ఒకటి మా గుణుపూర్ పొలంలో ఏళ్ల తరబడి పడి ఉంది. దాని కార్బురేటర్ విప్పి, మడ్డి కడిగి, లోపల పెట్రోల్ మీద తేలే ఫ్లోట్ డబ్బీ చిల్లుకి టంకం వేసి బిగించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఈ రోజు ఉదయం ఇంజిన్ స్టార్టయింది. ఇంజిన్‌కి పెట్రోల్ ఎంత వెళ్లాలో చూసే కార్బురేటర్ స్క్రూ సరిచేసి, అది నిలకడగా తిరుగుతుంటే చేతులు కడుక్కోవడానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి ఇంజిన్ ఆగిపోయింది. చుట్టపుచూపుగా వచ్చిన మా అక్క మొగుడు స్క్రూడ్రైవర్‌తో నిలబడి ఉన్నాడు. ఆ స్క్రూని కడదాకా బిగించేశాడు. విప్పి చూస్తే దాని సూదిమొన విరిగి లోపలే ఉండిపోయింది. అలాంటిది ఇప్పుడు ఎక్కడా దొరకదు.

“నన్నడక్కుండా ఎందుకు ముట్టేవు బావా?” అని అరిచాను.

“నల్లపొగ వస్తందని తిప్పేను. సిన్న స్క్రూకి ఇంత కోపమేటి?” అన్నాడు.

అమ్మ పరుగున వచ్చి నన్నే తిట్టింది. “అల్లుడుగారిని అంతేసి మాటలంటావేటి? తప్పయిపోయిందని సెప్పు.”

బావ అన్నం మానేసి అలిగి కూర్చున్నాడు. అక్క ముఖం చూసి, పళ్లు బిగబట్టి, తప్పయిపోయిందన్నాను. బావ పెద్ద మనసుతో క్షమించి, “పర్లేదులే, ఆదివారం వచ్చి మిగతా ఇంజిన్ కూడా సూసి పెడతాను” అన్నాడు.

మీ ఇళ్లలో అల్లుళ్లకి అందకుండా పనిముట్లు ఎక్కడ దాస్తారో కాస్త చెప్పండి.