పోయని తీర్థం

మా ఊర్లో ఒక నమ్మకం ఉంది. మంచాన పడిన మనిషికి ప్రాణం పోకుండా కొట్టుకుంటుంటే, అతడి చేతిలో చెడిపోయినవాళ్ల ఉసురు అడ్డం పడినట్టు లెక్క. ఆ చెడినవాళ్లే వచ్చి నోట్లో తీర్థం పోస్తే ప్రాణం సుఖంగా పోతుంది. చంపినవాడికి ఎంత సులువైన దారి చూడండి. నరకడానికి కొడవలి, కడుక్కోవడానికి ఉద్ధరిణెడు నీళ్లు.

మా నాయనను చంపినవాడు పోయిన ఎండాకాలం అట్లాగే మంచాన పడ్డాడు. పొలం గట్టు తగాదాలో మా నాయనను పట్టపగలు, బస్సులు ఆగే చోట, టీ అంగడి ముందర నరికేసిన మనిషి. అప్పటికి నేను బడికి పోయే పిల్లను. కోర్టులో ఊరంతా చూడలేదంది. అతడి కొడుకైతే, ఆ రోజు తన తండ్రి తనతోనే అహోబిలం గుళ్లో ఉన్నాడని ప్రమాణం చేసి మరీ చెప్పాడు. కేసు కొట్టేశారు. ఆ సాయంత్రమే పొట్టేలును కోసి ఊరికి విందు పెట్టారు. మసాలా వాసన మా ఇంట్లోకి కూడా వచ్చింది. తలుచుకుంటే ఈ రోజుకీ నాకు ఒళ్లు మండుతుంది.

పక్షవాతంతో అతడి మాట పడిపోయింది. దేవుడే శిక్షించాడని కొందరు మా అమ్మకు చెప్పిపోయారు. ఏం శిక్ష? చీమకు కూడా హాని చేయని మా అవ్వకూ పక్షవాతమే వచ్చింది.

నేను సెలవు పెట్టి కడప నుంచి వచ్చినప్పుడే ఆ కొడుకు మా గడప ముందు నిలబడ్డాడు. వెంట టీ అంగడి పెద్దాయన. కొడుకు చేతిలో కూల్‌డ్రింకు సీసా, అందులో అహోబిలం తీర్థం. మా అమ్మ వచ్చి పోస్తే తప్ప తండ్రి ప్రాణం పోదని ఏడ్చాడు. ఆ సీసా గుంజుకుని వీధిలో పారబోయాలనిపించింది నాకు. వీళ్లకు దేవుడు సాక్ష్యానికి ఒకసారి, చావుకు ఒకసారి పనికొచ్చే జీతగాడు. మా అమ్మ కొంగు సర్దుకుని బయల్దేరింది. క్షమించేస్తుందేమోనని భయపడుతూ నేనూ వెనకే పోయాను.

ఆ ఇంటి నిండా జనం. మంచం మీద మనిషి కళ్లు తెరిచే ఉన్నాయి. అమ్మ ఉద్ధరిణెతో తీర్థం తీసుకుని, నోటి దాకా తెచ్చి ఆపింది. కొడుకు వైపు తిరిగింది.

"అబ్బీ, ఆ పొద్దు మీ నాయన యాడుండె? ఈ జనం ముందర చెప్పు. పోస్తా."

ఒక్క మాట. ఆ మాటకు జైలూ లేదు, ఉరీ లేదు. కేసు ఎప్పుడో ముగిసిపోయింది. తండ్రి ప్రాణం ఈ నీళ్లతోనే పోతుందని నమ్మి వచ్చిన ఆ కొడుకు, తల వంచుకుని నేల చూశాడు. మంచం మీద అతడి తండ్రి గొంతు గురక పెడుతూనే ఉంది. అమ్మ తీర్థాన్ని మళ్లీ సీసాలోకే వంచేసి, ఇంటికొచ్చి పొయ్యి ముట్టించింది.

అతడు ఇంకో రెండు దినాలు కొట్టుకుని పోయాడు. ఊరు మా అమ్మను రాతిగుండె అంది. నోరు విప్పని కొడుకును ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. టీ అంగడి పెద్దాయన మా అరుగు మీద కూర్చుని, పగవాడైనా చచ్చేటప్పుడు గొంతు తడపడం ధర్మమని, అమ్మ చేసింది మహా పాపమని చెప్పుకొచ్చాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ చేతిలోని చాట పక్కన పెట్టింది.

"ధర్మం నాకు చెప్పొద్దన్నా. ఆ పొద్దు నేను ఉరికొచ్చేతలికి నా మొగుడు నీ అంగడి ముందర్నే పడుండె. ఇంకా ఊపిరుండె. నాలిక ఎండిపోయి ఉండె. నీ బాన నిండా నీళ్లుండె."