మిర్చి గోతాల్లో సర్దిన ధనుష్కోటి ప్రయాణం

ఈ సంగతి కాగితం మీద పెట్టడానికి రెండు కారణాలున్నాయి. మాచర్ల గ్రంథాలయంలో ఉన్న యాత్రల పుస్తకాలన్నీ నేను చదివాను. ఒక బీరువాలో రెండు అరలు. వాటిలో ప్రతివారూ మొదటి పేజీలోనే రైలో ఓడో ఎక్కేస్తారు. పెట్టె ఎవరు సర్దారో, తాడు ఎవరు బిగించారో ఒక్కరూ రాయలేదు. అది మొదటి కారణం. రెండోది, ఎత్తిపోతల జలపాతం దగ్గర నేను నా భార్య కళ్లల్లో కారం కొట్టానని మా ఊళ్లో ఒక మాట తిరుగుతోంది. అది నిజం కాదు. పూర్తిగా అబద్ధమూ కాదు. కనుక వివరంగా రాయాలి.

నేను పదో తరగతితో చదువు ఆపి సేద్యంలో దిగినవాణ్ణి. వెల్దుర్తి వైపు మిర్చి, పత్తి వేస్తాను. మాచర్లకు ఏ పని మీద పోయినా గ్రంథాలయంలో గంటసేపు కూర్చోకుండా ఇంటికి రాను. తేనెటీగల పెంపకం చదివాను, నౌకాయానం చదివాను. తేనెటీగలూ లేవు, నౌకా లేదు. చదివింది ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందని నా నమ్మకం.

పోయిన ఏడాది, మిర్చి నారు పోయకముందు దొరికే ఖాళీలో, నా భార్య ఫోన్లో ఒక వీడియో చూపించింది. తిన్నగా ఒక రోడ్డు, రెండు పక్కలా సముద్రం, చివర రోడ్డే అయిపోతుంది. ధనుష్కోటి.

"ఏమయ్యా, ఈ రోడ్డు మీద మన బండి మీద పోవాలని ఉంది నాకు," అంది.

ఇరవై రెండేళ్ల కాపురంలో మేం కలిసి పోయిన ప్రయాణాలన్నీ పెళ్లిళ్లకూ దినాలకూ. తన నోటితో తను అడిగింది ఇదొక్కటే. నేను అప్పుడే ఒప్పుకున్నాను. అయితే అదే వారంలో వాళ్ల అక్క, అంటే మా వదిన, ఫోన్ చేసింది. వాళ్ల వీధి వాళ్లు రామేశ్వరం వైపు యాత్రకు బస్సు మాట్లాడుకున్నారట, ధనుష్కోటి కూడా చూపిస్తారట, ఒక సీటు ఆపి ఉంచిందట. నా భార్య ఆలోచించి నాకో పరీక్ష పెట్టింది.

"సామానంతా కట్టి ముందు ఎత్తిపోతల దాకా తీసకపో. కుదురుగా ఉంటే నీతో వస్తా. లేకపోతే మా అక్కతో బస్సులో పోతా."

తను బస్సెక్కితే నాకు ధనుష్కోటి లేనట్టే. ఒక్కణ్ణే పోయి ఆ రోడ్డు చివర నిలబడి ఏం చేయను?

బండి మూడువందల యాభై సీసీది, పాతది. గ్రంథాలయంలో మోటారు సైకిల్ మరమ్మతుల పుస్తకం ఒకటుంది. అట్ట పోయింది గానీ లోపల పేజీలన్నీ ఉన్నాయి. రెండుసార్లు చదివి నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. దాన్ని తీసుకుని మాచర్లలో మా మెకానిక్ దగ్గరికి పోయాను. పెద్దాయన, ముస్లిం. చిన్నప్పటి నుంచీ నేను బాబాయ్ అనే పిలుస్తాను.

"బాబాయ్, చైను వదులు మనుషులు ఎక్కకముందు ఒకసారి, ఎక్కాక ఒకసారి చూడాలి."

"నువ్వు పుట్టకముందు నుంచి చూస్తన్నా రా అబ్బాయ్."

"ఎంత వదులుండాలో రాసుకొచ్చా."

"స్కేలు గూడా తెచ్చావా ఏంది?"

తెచ్చాను. జేబులోంచి తీశాను. బాబాయి స్కేలు వంక చూశాడు, నా వంక చూశాడు, టీ తాగడానికి లేచిపోయాడు.

తిరిగొచ్చాక పని మాత్రం శ్రద్ధగా చేశాడు. ఇంజన్ ఆయిల్ మార్చాడు, బ్రేకులు విప్పి కొత్త లైనర్లు వేశాడు. ఆ తర్వాత నేను ఇంకో ముక్క చదివి వినిపించాను: కొత్త క్లచ్ కేబులు ఒకటి పాతదాని పక్కనే ముందే కట్టి ఉంచుకుంటే, దారిలో పాతది తెగినా ఐదు నిమిషాల్లో మార్చుకోవచ్చు.

బాబాయి చెయ్యి తుడుచుకున్నాడు. "ఇది బాగుంది రా. ఆ పుస్తకం ఓసారి తెచ్చి చూపియ్."

నాకు జీవితంలో జరిగిన సన్మానం అదే.

ఇక సంచులు. బజారులో దొరికే బండి సంచులు నాకు చిన్నవిగా తోచాయి. మా పక్కింటాయన మిర్చి సీజన్లో హమాలీ, నాకు బావ వరస. మిర్చి యార్డుకు పోయే గోతాలు రెండు తీసి, దబ్బనంతో, పురికొసతో కుట్టి, బండికి అటొకటి ఇటొకటి వేలాడేట్టు చేశాడు. రెండు వైపులా బరువు సమానంగా ఉండాలని పుస్తకంలో ఉంది గనుక మిరపకాయలు తూచే కాటాకే వాటిని తగిలించి తూచాం. బట్టలు, తువ్వాళ్లు, పనిముట్లు, పచ్చడి సీసా, నా నోటుబుక్కులు. ఇటు పన్నెండు కిలోలు, అటు పన్నెండు కిలోలు.

"గోతాలు ఉతికావా?" అని అడిగింది నా భార్య.

"జనపనార తడిస్తే బలం తగ్గుతుంది. చదివాను. రెండు రోజులు ఎండలో వేశాను."

"దులిపాం గదమ్మా, ఘాటు పోద్దిలే," అన్నాడు బావ.

ముగ్గురం వాసన చూశాం. ఎవరికీ తుమ్ము రాలేదు. ఏడాదికి నాలుగు నెలలు కల్లాల్లో మిరపకాయల మధ్య తిరిగేవాళ్లం, మా ముక్కులకు అదొక లెక్క కాదు. ఆ ముక్కులను నమ్మడమే నా తప్పు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. మాచర్ల దాటేదాకా అంతా బాగుంది. సాగర్ రోడ్డెక్కి వేగం పెంచాక వెనక ఎవరో తుమ్ముతున్నట్టు వినిపించింది. ఒక తుమ్ము కాదు, వరసగా తుమ్ములు. కాసేపటికి ఒక కుర్రవాడు బండి మీద మా పక్కకొచ్చి, ఎర్రటి కళ్లతో అరిచాడు.

"అన్నో! మిరగాయల యార్డు గుంటూర్లో ఉంది! నువ్వు ఎదురు పోతన్నావ్!"

మేం నవ్వుకున్నాం. గాలి మాకు ఎదురుగా వస్తోంది, గోతాల్లోని కారం దుమ్మంతా వెనక్కి పోతోంది. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు.

ఎత్తిపోతల దగ్గర నీళ్లు బాగా పడుతున్నాయి. తుంపర మీద పడుతుంటే నా భార్య చిన్నపిల్లలా నవ్వింది. ముఖమంతా తడిసింది. నేను ఎంతో ప్రేమగా గోతంలోంచి తువ్వాలు తీసి ఇచ్చాను. తుడుచుకుంది. రెండు క్షణాలు ఏమీ కాలేదు. ఆ తర్వాత వేసిన కేక జలపాతం హోరును మించింది.

కంగారులో నేను అదే తువ్వాలుతో మళ్లీ తుడిచాను. అదే చేత్తో నా కళ్లూ నలుపుకున్నాను. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి ఏడుస్తున్నాం. సోడాలు, మజ్జిగ అమ్మే పెద్దావిడ పరుగెత్తుకొచ్చింది.

"ఏందయ్యా, కారం కొట్టావా ఆ తల్లి కళ్లల్లో?"

"లేదమ్మా, తువ్వాలు..."

"తువ్వాలుతో కొట్టావా?"

అప్పటికే పదిమంది చేరారు. పెద్దావిడ బిందెడు నీళ్లతో మా ఇద్దరి కళ్లూ కడిగింది.

"ముఖానికి మజ్జిగ రాయండి. కారం నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది," అన్నాను, చదివింది గుర్తొచ్చి.

"గోతాలు కుట్టకముందు గుర్తు రాలేదా అది?" అంది నా భార్య, కళ్లు తెరవకుండానే.

మంట తగ్గాక సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. పుస్తకాల్లో ఇలాంటి సందర్భానికి ఏం రాశారో ఎంత వెతుక్కున్నా తోచలేదు. తను ఫోన్ తీసి వాళ్ల అక్కకు చేసింది. నా పని అయిపోయిందనుకున్నాను.

"అక్కా... లేదులే, ఏడవట్లా. కళ్లల్లో ఏదో పడింది. ఆ సీటు ఎవురికన్నా ఇచ్చెయ్. నేను బండి మీదే వస్తన్నా."

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

"బస్సులో అయితే కిటికీలో కనపడిందే చూడాల. బండి మీద తల తిప్పితే చాలు. వాలు దిగేప్పుడు గూడా కుదుపు లేదు, బండి చానా బాగా చేశావు. ఇంక సంచుల జోలికి రావాకు. బండి నీది, సంచి నాది."

ట్రాక్టరు సీట్లకు కవర్లు కుట్టే టైలరు దగ్గర రెండు రోజుల్లో రెగ్జిన్ సంచులు కుట్టించింది. నేను సర్దిన ఇరవై నాలుగు కిలోల్లో పదకొండు కిలోలు తీసి ఇంట్లో పడేసింది. నోటుబుక్కు ఒక్కదానికే అనుమతి దొరికింది.

సాయం చేసినవాళ్లందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి. కానీ ఒకరి పేరు ముందు రాసి ఒకరిది వెనక రాస్తే మా ఊళ్లో పంచాయితీ అవుతుంది. అందుకని పిలిచే పిలుపులతోనే చెబుతున్నాను. మెకానిక్ బాబాయికి, దబ్బనం పట్టిన బావకు (తప్పు ఆయనది కాదు), మజ్జిగ డబ్బులు వద్దన్న పెద్దావిడకు, అట్ట లేని పుస్తకాన్ని మూడుసార్లు నా పేరున రాసి ఇంటికిచ్చిన గ్రంథాలయం మేడమ్‌కు, టైలరు అన్నకు.

అలాగే మా వదినకు. సీటు వద్దన్నందుకు ఆమె ఏమీ అనుకోలేదు. మేమూ వాళ్లూ ఒకేరోజు బయల్దేరాం. ఒంగోలు దాటాక వాళ్ల బస్సు హారన్ కొడుతూ మమ్మల్ని దాటిపోయింది. కిటికీలోంచి వదిన చెయ్యి ఊపింది. వెంటనే వెనక నుంచి నా వీపు మీద ఒక చరుపు పడింది.

"చూస్తావేందయ్యా? దాటు!"